నా మొదటి కారు, ఒక ఫ్యాన్ బెల్టు

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఉంచి, అక్కడక్కడ సరిచేసి ఇస్తున్నాను.)



కార్యదర్శిగారు నన్ను పిలిచి, "సుబేదార్ గారూ, ఈసారి మీరు ఓ ఇరవై నిమిషాలు మాట్లాడాలండీ. సర్వీసులో మరచిపోలేని సంఘటన ఏదైనా చెప్పండి" అన్నారు. సరే అన్నాను. ఇంటికి వెళ్లి ఆలోచిస్తే నాకు మరచిపోలేని సంఘటన సర్వీసులో జరిగింది కాదని తేలింది. అది నేను సైన్యంలో చేరడానికి ఎనిమిది నెలల ముందు, పద్దెనిమిదేళ్ల వయసులో, ఒక పాత కారు వల్ల జరిగింది. ఆ కారు లేకపోతే నేను ఈఎంఈలో చేరేవాణ్ణి కాదు, ఈ వేదిక మీదికి వచ్చేవాణ్ణీ కాదు. అందుకని ఆ కారు గురించే చెబుతాను. ఇందులో తుపాకీ పేలదు. పిల్లలు నిరాశపడకండి.

మాది యానాం. కాకినాడకు దగ్గర, గౌతమీ తీరాన ఉన్న చిన్న ఊరు. మాట తెలుగు, పాలన పాండిచేరిది. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పట్నం మాకు రాజధాని. 1954లో ఫ్రెంచివారి చేతిలోంచి బయటపడ్డాక కూడా ఆ ముడి అలాగే ఉండిపోయింది. మా నాన్నగారు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. 1968లో ఆయనకు పాండిచేరి బదిలీ అయింది. ఆ ఊరి పేరు 2006లో పుదుచ్చేరి అయింది గానీ నా నోటికి పాత పేరే వస్తుంది, మన్నించండి.

పట్నంలో అద్దెలు మోయలేక నాన్నగారు మురుంగపాక్కంలో ఇల్లు తీసుకున్నారు. పట్నం నుంచి కడలూరు రోడ్డు పట్టుకుని దక్షిణానికి వస్తే ముదలియార్‌పేట, నైనార్‌మండపం, ఆ తర్వాత మురుంగపాక్కం. ఇంకొంచెం ముందుకు వెళ్తే అరియాంకుప్పం ఏరు, దాని మీద వంతెన. ఆ ఏటి ఒడ్డునే అరికమేడు ఉంది. రెండువేల ఏళ్ల కిందట రోమన్లతో వర్తకం జరిగిన రేవు అది. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వకాలు జరిపించాడు. మాకు మాత్రం అది మేకలు కాసే దిబ్బ. తమిళంలో మురుంగై అంటే మునగ. పేరుకు తగ్గట్టు మా వీధిలో ఇంటికో మునగచెట్టు ఉండేది. మా అమ్మకు తమిళం రాకపోయినా మునక్కాడల ఇచ్చిపుచ్చుకోళ్లతోనే ఏడాదిలో వీధంతా చుట్టాలైపోయారు.

పక్కింట్లో ఒక అక్క ఉండేది. తమిళంలోనూ అక్క అక్కే కాబట్టి నాకు ఇబ్బంది లేదు. ఆవిడ భర్త కడలూరు రోడ్డు మీది ఏఎఫ్‌టీ మిల్లులో కార్మికుడు. ఆ మిల్లు 1898లో పెట్టినది. మిల్లు కూత విని గడియారం సరిచేసుకునే ఇళ్లు మావి.

ఇక కారు సంగతికి వస్తాను.

1962లో విలీన ఒప్పందం పూర్తిగా అమలులోకి వచ్చినప్పుడు అక్కడి వారికి కావాలంటే ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకునే వీలు ఇచ్చారు. అలా ఎంచుకున్న కుటుంబాల్లో మా ఇంటి యజమానిది ఒకటి. 1974 మొదట్లో వాళ్లు ఫ్రాన్సుకు వెళ్లిపోతూ సామాన్లు అమ్మేశారు. మంచాలు, బీరువాలు, గడియారాలు అన్నీ పోయాయి. పెరట్లో కొబ్బరి మట్టల కింద ఒక కారు మిగిలిపోయింది. దాన్ని ఎవరూ అడగలేదు. 1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోలు ధర చూసి నడిచే కార్లే ఇంట్లో పెట్టుకుంటున్న రోజులు. నడవని కారు ఎవరిక్కావాలి?

అది స్టాండర్డ్ హెరాల్డ్. ఈ కాలం పిల్లలకు ఆ పేరు తెలియదు. అప్పట్లో మన దేశంలో ప్రధానంగా మూడే కార్లు. కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో తయారయ్యే అంబాసిడర్, బొంబాయి కుర్లాలో తయారయ్యే ఫియట్, మన మద్రాసు పక్కన వండలూరు దగ్గర తయారయ్యే హెరాల్డ్. ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డ్‌గా పుట్టింది. దాని ఒంటి తీరు గీసినవాడు ఇటలీకి చెందిన మికెలోటి. మన దగ్గర 1961 నుంచి తయారు చేశారు. 948 సీసీ ఇంజను, మొదట్లో రెండే తలుపులు. మాది 1962 నాటిది. ఒకప్పుడు లేత నీలం. నేను చూసేసరికి సగం నీలం, సగం తుప్పు, పైన కాకుల అలంకారం.

దాని గొప్పతనం రెండు విషయాల్లో ఉండేది. ఒకటి, ఇరుకు సందులో కూడా గిర్రున తిరిగేది. రెండోది, దాని బానెట్. మామూలు కార్లకు మూత మాత్రమే లేస్తుంది. హెరాల్డుకు మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా మొసలి నోరు తెరిచినట్టు ముందుకు వాలిపోతుంది. ముందు టైరు మీద కూర్చుని ఇంజను మొత్తం చూసుకోవచ్చు. నేర్చుకునేవాడికి అంతకన్నా మంచి బడి లేదు.

నాకప్పుడు పదిహేడేళ్లు. టాగూర్ కాలేజీలో చదువు. రోజూ లాస్‌పేటకు సైకిలు. ఆ కారు మీద మనసు పడ్డాను. పదకొండు వందలు అడిగారు. మా ఇంట్లో పదకొండు వందలంటే మాటలు కాదు. నాన్నగారు రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు రాత్రి అమ్మ చిట్టీ డబ్బులు తెచ్చి ఆయన ముందు పెట్టింది. "వాడికి ఊళ్లో సావాసాలు ఎక్కువవుతున్నాయండీ. ఆ ఇనుముతో కుస్తీ పడితే ఇంటిపట్టున ఉంటాడు" అంది. నాన్నగారు నన్ను పిలిచి, "నడిపించావా, కారు నీది. ఏడాదిలో నడవకపోతే పాత ఇనుము వాడిది" అన్నారు. కాగితాలు ఆయన పేరు మీద, మరమ్మతు నా నెత్తి మీద.

మా వీధి చివర ఒక మెకానిక్ షెడ్డు ఉండేది. ఆ షెడ్డు పెద్దాయనను అందరూ సొల్దా తాత అనేవారు. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి వచ్చిన వారిని పాండిచేరిలో సొల్దా అనేవారు. సోల్జర్ అన్నమాటకు ఫ్రెంచి రూపం. ఆయన ఇండోచైనా యుద్ధంలో ఫ్రెంచివారి లారీలు మరమ్మతు చేశాడు. అమెరికా జీఎంసీ లారీల గురించి కన్నబిడ్డల్లా చెప్పేవాడు. ఏటా జూలై 14న తెల్ల చొక్కాకు పతకాలు పెట్టుకుని బీచ్ రోడ్డులో యుద్ధ స్మారకం దగ్గరకు వెళ్లి నిలబడి వచ్చేవాడు. మిగతా 364 రోజులూ ఒంటి మీద నూనె మరకలే.

నేను వెళ్లి, "తాతా, నా కారు బాగుచేస్తావా?" అన్నాను. "చేయను తంబీ. నువ్వు చేస్తావు. నేను స్టూలు మీద కూర్చుంటాను" అన్నాడు.

అలా ఏడు నెలలు కూర్చున్నాడు. కార్బురేటర్ విప్పి కడగడం, ప్లగ్గులు గీకడం, పాయింట్ల మధ్య సందు చూడటం, బ్రేకుల్లో గాలి తీయడం అన్నీ అక్కడే నేర్చుకున్నాను. ఏ నట్టు ఏ బోల్టుదో తెలియక ఓ రోజు ఏడుపొచ్చింది. మర్నాడు తాత ఇరవై ఖాళీ అగ్గిపెట్టెలు తెచ్చి, విప్పిన ప్రతిదాన్నీ ఒక్కొక్క పెట్టెలో పెట్టి పైన అంకె వేయమన్నాడు. తర్వాత సికింద్రాబాదు ఈఎంఈ సెంటరులో అదే పని పెద్ద పేరుతో నేర్పితే నాకు నవ్వొచ్చింది.

పాఠాలన్నింటిలోకి ఆయన ఎక్కువసార్లు చెప్పింది ఒకటే. "యంత్రం చెప్పకుండా చావదు తంబీ. ముందు మూలుగుతుంది, తర్వాత దగ్గుతుంది, ఆపైన కాళ్లు పట్టుకుంటుంది. అయినా వినకపోతేనే చస్తుంది."

1974 ఆయుధపూజ నాడు ఇంజను అంటుకుంది. నల్లటి పొగ, మా వీధి కుక్కల అరుపులు, మా అమ్మ కొబ్బరికాయ. కారు టైరు కింద నిమ్మకాయ పెట్టి నాన్నగారు దండం పెట్టుకున్నారు. నాకింకా పద్దెనిమిది నిండలేదు కాబట్టి లైసెన్సు వచ్చేదాకా కొబ్బరితోటలోనే ముందుకీ వెనక్కీ. 1975 ఏప్రిల్‌లో లైసెన్సు చేతికొచ్చింది.

ఆ తర్వాతి ఏడాదిని తలచుకుంటే ఇప్పటికీ ముఖం మీదికి నవ్వు వస్తుంది. పెట్రోలు లీటర్లలో పోయించే స్తోమత లేదు. స్నేహితులం నలుగురం చిల్లర లెక్కేసుకుని ఆ రూపాయలకే పోయించేవాళ్లం. దిగుడు వచ్చినప్పుడల్లా ఇంజను ఆపేసి దొర్లించేవాణ్ణి. అది తప్పని ఇప్పుడు నేనే పిల్లలకు చెబుతాను. సాయంత్రం బీచ్ రోడ్డులో గాంధీ విగ్రహం దగ్గర ఆపి, దిగకుండా కూర్చునేవాళ్లం. దిగితే కారున్నట్టు జనానికెలా తెలుస్తుంది? ఒకసారి అమ్మానాన్నలను చిదంబరం తీసుకెళ్లాను. అరవై కిలోమీటర్లు దాటిన ప్రయాణం. అమ్మ ముందు సీట్లో కూర్చుని దారి పొడవునా ఒక చేత్తో తలుపు పట్టుకునే ఉంది. తిరిగొచ్చాక, "ఒరేయ్ అబ్బాయ్, ఒక్కసారి దీంట్లో యానాం వెళ్దాంరా. మా అక్కయ్య వాళ్ల గుమ్మం ముందు దిగాలి" అంది. వెళ్దామమ్మా అన్నాను. వెళ్లలేదు. ఆ బాకీ అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి.

ఆ ఏడాది అక్టోబరులో సొల్దా తాత బానెట్ ఎత్తి చూసి ఫ్యాన్ బెల్టు మీద వేలు పెట్టాడు. అంచులు చిరిగి దారాలు లేచాయి. లోపలి వైపు పగుళ్లు. "పదిహేను రోజుల్లో మార్చెయ్. వానలు మొదలవుతున్నాయి" అన్నాడు.

తెలియనివాళ్ల కోసం ఒక్కమాట చెబుతాను. ఆ కార్లలో ఆ ఒక్క రబ్బరు బెల్టే మూడు పనులు చేస్తుంది. ఫ్యానును తిప్పుతుంది, ఇంజను చుట్టూ నీళ్లు తిప్పే పంపును ఆడిస్తుంది, బ్యాటరీ నింపే డైనమోను తిప్పుతుంది. అది తెగితే ఇంజను వెంటనే ఆగదు. నడుస్తూనే లోపల్లోపల ఉడికిపోతుంది.

అమ్మను అడిగితే బెల్టుకీ ఒక రబ్బరు గొట్టానికీ కలిపి ముప్పై రూపాయలు ఇచ్చింది. ఆ డబ్బు జేబులో పెట్టుకుని సైకిలు మీద పట్నం వెళ్లాను. విడిభాగాల దుకాణంలో గాజు అల్మరాలో రెండు స్వరాలు పలికే హారన్ ఉంది. మెరిసే రెండు బూరాలు. కుర్రవాడు వైరు తగిలించి మోగించాడు. దుకాణంలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ధర ఇరవై ఎనిమిది రూపాయలు.

మీరు ఊహించింది నిజమే. హారన్ కొన్నాను. మిగిలిన రెండు రూపాయలకు టీ, సమోసా. బెల్టు వచ్చే నెల చూద్దాంలే అనుకున్నాను. అమ్మతో మార్చేశానని చెప్పాను. తాత కంట పడకుండా రెండు వారాలు షెడ్డు వైపు వెళ్లలేదు. మన పెద్దలు ఊరికే అనలేదు, పైన పటారం లోన లొటారం అని. ఆ హారన్ మోత మాత్రం కడలూరు రోడ్డంతా తెలిసిపోయింది. మిల్లు గేటు దగ్గర కావాలని మోగించేవాణ్ణి. కార్మికులు చేతులు ఊపేవారు.

నవంబరులో ఒక రాత్రి, పది దాటింది. ఈశాన్య రుతుపవనాల వాన సంగతి ఆ ప్రాంతంలో ఉన్నవారికి తెలుసు. ఆకాశం చిల్లు పడ్డట్టు కురుస్తుంది. ఎవరో తలుపు బాదారు. పక్కింటి అక్క అత్తగారు. అక్కకు నెలలు నిండాయి. నొప్పులు సాయంత్రమే మొదలయ్యాయట. మంత్రసాని చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, నా వల్ల కాదు, ఆసుపత్రికి తీసుకెళ్లండి అందట. భర్త మిల్లులో షిఫ్టులో ఉన్నాడు. రిక్షా కోసం వెళ్లిన పిల్లవాడు వట్టి చేతులతో వచ్చాడు.

నాన్నగారు నా వైపు చూశారు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే. గర్వంగా చూశారు. మావాడికి కారుంది అన్నట్టు.

అక్కను వెనక సీట్లో పడుకోబెట్టాం. అత్తగారు తల ఒళ్లో పెట్టుకున్నారు. మా అమ్మ ముందు కూర్చుంది. ఆసుపత్రి నాలుగు కిలోమీటర్లు. మొదటిసారికే స్టార్ట్ అయింది. నైనార్‌మండపం దాటగానే ముందు నుంచి టప్ మని ఒక చప్పుడు. ఎర్ర దీపం వెలిగింది. అది డైనమో దీపం. బెల్టు పోయిందని నాకు ఆ క్షణమే తెలిసింది. ఆపితే వానలో నడిరోడ్డు మీద ఉంటాం. పోనిస్తే ఇంజను ఉడుకుతుంది. పోనిచ్చాను. అమ్మ ఆ దీపం చూసి, "ఏమిట్రా అది?" అంది. "ఏం లేదమ్మా" అన్నాను.

మిల్లు దగ్గరి రైల్వే గేటు వేసి ఉంది. గేటు ముందు ఆగేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఇంజను రెండుసార్లు తన్నుకుని ఆగిపోయింది. దిగి, బుద్ధి లేకుండా గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత తిప్పాను. వేడినీళ్లు చిమ్మి మణికట్టు కాలింది. ఈ మచ్చ అదే. దీన్ని చూసి చాలామంది సర్వీసులో తగిలిన దెబ్బ అనుకున్నారు. నేనూ కాదనలేదు.

లోపల అక్క అరుస్తోంది. వాన. రోడ్డు మీద మనిషి లేడు. ఏం చేయాలో తోచక కారులోకి చేయి పెట్టి హారన్ నొక్కాను. నొక్కి పట్టుకుని వదల్లేదు.

మిల్లు షిఫ్టు మారే వేళ. గేటు లోపల వాన తగ్గుతుందేమో అని నిలబడ్డవాళ్లకు ఆ హారన్ వినబడింది. "అది మురుంగపాక్కం తెలుగువాళ్ల కారురా" అన్నారట ఒకరు. పదిమంది పరుగెత్తుకొచ్చారు. ఒకతను మిల్లులోకి వెళ్లి అక్క భర్తను పిలుచుకొచ్చాడు. రైలు పోయింది, గేటు లేచింది. ఆ పదిమంది ఆ కారును మోకాలిలోతు నీళ్లలో కిలోమీటరుకు పైగా తోశారు. నేను ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని పక్కన పరుగెత్తాను. అక్క భర్త వెనక నుంచి తోస్తూ దారి పొడవునా భార్యను పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు. జవాబు వచ్చినంతసేపు ధైర్యంగా తోశాడు. ఆసుపత్రి మలుపు దగ్గర కొద్దిసేపు జవాబు రాలేదు. ఆ కొద్దిసేపు ఆయన వేసిన కేక, తర్వాత నా సర్వీసంతా నాకు వినబడుతూనే ఉంది.

బిడ్డ తెల్లవారుజామున పుట్టాడు. తల్లికి చాలా రక్తం పోయింది. మా నాన్నగారు, ఆ తోసిన కార్మికుల్లో ఇద్దరు రక్తం ఇచ్చారు. తల్లీబిడ్డా దక్కారు. ఇంకో పావుగంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరమ్మ అంది. అందరూ దేవుడి దయ అన్నారు. ఆ పావుగంటను దాదాపు తినేసింది ఏమిటో నాకొక్కడికే తెలుసు.

తర్వాత జరిగింది ఇంకా కష్టం. వీధిలో నేను వీరుణ్ణయ్యాను. అక్క అత్తగారు కేసరి చేసి తెచ్చారు. నాన్నగారు ఆఫీసులో చెప్పుకున్నారు. "వాడు చేయి కాల్చుకుని కూడా హారన్ వదల్లేదండీ" అని. నేను తల వంచుకుని తిన్నాను. నోరు విప్పలేదు. అమ్మ కూడా ఏమీ అడగలేదు. బెల్టు మార్చానని నేను చెప్పిన మాట ఆమె నమ్మిందో, ఎర్ర దీపం చూసినప్పుడే గ్రహించిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

సొల్దా తాతకు చెప్పనక్కర్లేకపోయింది. కారును షెడ్డుకు తోసుకొచ్చాక బానెట్ ఎత్తి, తెగిన బెల్టు ముక్క తీసి వేలికి చుట్టుకున్నాడు. తర్వాత హారన్ బూరాల వైపు చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "ఎంత?" అన్నాడు. "ఇరవై ఎనిమిది" అన్నాను. "బెల్టు?" "పదకొండు" అన్నాను. అంతే. స్టూలు మీద కూర్చుని బీడీ ముట్టించుకున్నాడు. కాసేపయ్యాక, "యుద్ధంలో నేను చూసిన చావుల్లో గుండు తగిలి పోయినవి కొన్నే తంబీ. మిగతావి ఇలాంటివే" అన్నాడు.

హెడ్ గ్యాస్కెట్ కాలిపోయింది. దాని ఖర్చుకు ఇంట్లో డబ్బు అడగలేదు. రెండు నెలలు తాత షెడ్డులో కాలేజీ అయ్యాక పనిచేసి తీర్చుకున్నాను. ఆ రెండు నెలల్లోనే నేను మెకానిక్‌నయ్యాను. అంతకు ముందు కారున్న కుర్రవాణ్ణి మాత్రమే.

1976 జూలైలో, పందొమ్మిదేళ్ల వయసులో ఈఎంఈలో వెహికిల్ మెకానిక్‌గా చేరాను. పేరు రాసుకునే హవల్దార్ పని వచ్చా అని అడిగితే, ఫ్యాన్ బెల్టు బిగువు ఎలా చూస్తారో చెప్పాను. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే అరంగుళం లోపలికి పోవాలి. ఎక్కువ పోతే వదులు, తక్కువ పోతే బేరింగులకు చేటు. ఆయన నా మణికట్టు వైపు చూసి ఏమీ అనలేదు.

ఇక్కడున్న డ్రైవర్లకు, మెకానిక్కులకు ఫస్ట్ పరేడ్ అంటే ఏమిటో చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. పొద్దున్నే బండి కదలకముందు నూనె, నీళ్లు, బెల్టు, టైర్లు, బ్యాటరీ చూడాలి. సాయంత్రం లాస్ట్ పరేడులో మళ్లీ చూడాలి. కొత్త కుర్రాళ్లు దాన్ని తంతుగా చేసేవారు. బానెట్ ఎత్తడం, దించడం, సంతకం పెట్టడం. నేను మాత్రం ప్రతి శక్తిమాన్‌కూ, ప్రతి జోంగాకూ బొటనవేలు పెట్టి చూసేవాణ్ణి. నా వెనక నాకు 'బెల్ట్ సాబ్' అని పేరు పెట్టారు. లేహ్‌లో ఉన్నప్పుడు చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా చేతి తొడుగు తీసే చూసేవాణ్ణి. 1999లో ద్రాస్ దారిలో మన కాన్వాయ్‌లు రాత్రిళ్లు దీపాలు ఆర్పుకుని నడిచాయి. శత్రువు కంట పడే ఆ దారిలో ఒక బండి ఆగిపోతే వెనకున్నవన్నీ ఆగుతాయి. ఆ రోజుల్లో ఒక కుర్రవాడు, "సాబ్, నిన్ననే చూశాం కదా" అన్నాడు. నాకు మిల్లు దగ్గరి రైల్వే గేటు కనబడింది. "ఇవాళ చూడలేదు కదా" అన్నాను.

కారు ఏమైందని అడుగుతారు. నేను శిక్షణలో ఉండగానే నాన్నగారు దాన్ని కడలూరు ఆయనెవరికో అమ్మేశారు. అమ్మ ఉత్తరం రాసింది. "కారు వెళ్లిపోయిందిరా. మలుపు తిరిగేటప్పుడు ఆయన నీ హారన్ మోగించాడు. అన్నం సయించలేదు" అని. సొల్దా తాత నేను మొదటి సెలవు మీద వచ్చేసరికే పోయాడు. నాన్నగారికి నిజం చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ఆయన గర్వంగా ఆ కథ చెప్పుకుంటున్నప్పుడల్లా వాయిదా వేశాను. 1998లో ఆయన పోయారు. వాయిదా వేయడం అనే జబ్బు బెల్టుతో పోలేదన్నమాట.

2023 డిసెంబరులో మురుంగపాక్కం వెళ్లాను. కడలూరు రోడ్డు గుర్తుపట్టలేకపోయాను. మిల్లు 2020లో మూతపడింది. కూత లేదు. మీటర్ గేజ్ లైను బ్రాడ్ గేజ్ అయింది. మా పెరడు ఉన్నచోట మూడంతస్తుల మేడ. పక్కిల్లు మాత్రం అలాగే ఉంది. అక్కకు ఎనభై దగ్గర పడుతున్నాయి. భర్త లేడు. నన్ను చూసి గుర్తుపట్టి మణికట్టు పట్టుకుంది.

ఆ రోజు చెప్పేశాను. ముప్పై రూపాయలు, బెల్టు, హారన్, అబద్ధం, అన్నీ. యాభై ఏళ్ల తర్వాత నా తమిళం తడబడింది. ఆవిడ శ్రద్ధగా విని, "బెల్టు అంటే ఏమిటి తంబీ?" అంది. చేతులతో చూపించి వివరించాను. "అది నాకు తెలియదు. నాకు వాన గుర్తుంది, ఆ హారన్ గుర్తుంది. ఆయన పిలిచిన పిలుపు గుర్తుంది. నువ్వు బూరా ఊదుతూ ఈ లోకంలోకి వచ్చావురా అని పిల్లవాడికి చెప్పి పెంచాను" అంది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. క్షమించానని ఆవిడ అనలేదు, తప్పు చేశావనీ అనలేదు. కాఫీ ఇచ్చింది.

బయటికి వస్తుంటే ఆవిడ మనవడు కనబడ్డాడు. పందొమ్మిదేళ్లు. గుమ్మం ముందు పాత మారుతి 800. సెకండ్ హ్యాండుట, సొంత సంపాదనతో కొన్నానన్నాడు. వెనక సీటు మీద పెద్ద పెద్ద స్పీకర్లు. పాట పెడితే మునగచెట్టు ఆకులు కదిలాయి. "బానెట్ ఎత్తు బాబూ" అన్నాను. వాడు వింతగా చూసి ఎత్తాడు. చొక్కా చేయి మడిచి బెల్టు మీద బొటనవేలు పెట్టి నొక్కాను. కొంచెం వదులుగా ఉంది. పానా తెమ్మని ఇద్దరం కలిసి బిగించాం. పది నిమిషాల పని.

మిత్రులారా, సొంత వాహనం నడిపే పిల్లలు మీ అందరి ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్లకు హారన్లు, స్పీకర్లు వద్దనకండి. ఆ వయసుకు అవి కావాలి. నా హారన్ కూడా చివరికి అక్కరకొచ్చింది. కానీ వారానికి ఒక్కసారి బానెట్ ఎత్తించండి. ఏ రాత్రి ఎవరు తలుపు తడతారో మనకు తెలియదు.

ఇరవై నిమిషాలు అడిగారు, కొంచెం ఎక్కువే తీసుకున్నాను. మా నాన్నగారికి చెప్పలేనిది మీకు చెప్పుకున్నాను.  అందరికీ ఉగాది శుభాకాంక్షలు.

జై హింద్.